స్కోప్ రైల్ ఎంపిక: 20 ఎంఓఏ అనే అంకె కన్నా ముందు చూడవలసినవి

.308 వించెస్టర్ రైఫిల్ నుంచి 175 గ్రెయిన్ల బరువున్న తూటా సెకనుకు 2,600 అడుగుల వేగంతో బయటపడితే, 1,000 గజాల దూరం దాటడానికి దానికి ఒకటిన్నర సెకన్లకు పైగా పడుతుంది. ఆలోగా భూమ్యాకర్షణ తన పని తాను చేస్తుంది. 100 గజాలకు సరిచేసి పెట్టుకున్న (షూటర్ల మాటలో ‘జీరో’ చేసిన) గురి రేఖతో పోలిస్తే తూటా దాదాపు 10 మీటర్లు కిందికి దిగిపోతుంది. లక్ష్యాన్ని తాకాలంటే బ్యారెల్‌ను అంత మేర పైకెత్తాలి, అదే సమయంలో రైఫిల్ పైనున్న టెలిస్కోప్, అంటే స్కోప్, మాత్రం లక్ష్యం వైపే చూస్తూ ఉండాలి. ఈ రెండింటి మధ్య కోణాన్ని స్కోప్‌లోని టరెట్ అనే గుండీ తిప్పి సరిచేసుకోవచ్చు. అయితే టరెట్ తిరగడానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు చాలని చోట మిగిలిన కోణాన్ని ఇచ్చేది స్కోప్ కింద బిగించే రైల్ అనే లోహపు పట్టీ.

దూరపు షూటింగ్‌లోకి కొత్తగా వచ్చేవారు స్కోప్ ఎంపికకు నెలల తరబడి సమయం పెడతారు. రైల్ దగ్గరికి వచ్చేసరికి ‘20 ఎంఓఏది తీసుకుంటే సరిపోతుంది’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. (ఎంఓఏ అంటే మినిట్ ఆఫ్ యాంగిల్, రైల్ వాలును కొలిచే కోణ ప్రమాణం.) ఆ సలహా చాలా సందర్భాల్లో తప్పు కాదు. కానీ అది ఎందుకు సరైనదో, ఎక్కడ పనికిరాదో తెలియకపోతే ఖరీదైన స్కోప్ కూడా సగం సామర్థ్యంతోనే పనిచేస్తుంది. పైగా రైల్ వల్ల వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దాని వాలు అంకె నుంచి రావు. బ్యారెల్ బిగించి ఉండే రైఫిల్ లోహపు దేహమైన రిసీవర్ మీద రైల్ ఎలా కూర్చుంది, ఏ స్క్రూలు దాన్ని పట్టి ఉంచాయి అన్నవాటి నుంచి వస్తాయి.

ఈ క్రీడకు పుట్టిల్లు అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలు. ఇంగ్లండ్‌లోని బిజ్లీ మైదానంలో స్టికిల్‌డౌన్ రేంజ్ 1,200 గజాల దాకా సాగుతుంది. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని రాటన్ పట్టణం దగ్గర విటింగ్టన్ సెంటర్ ఇంకా ఎక్కువ దూరాల షూటింగ్‌కు పేరు పొందింది. మన దగ్గర రైఫిల్ షూటింగ్ అనగానే గుర్తుకొచ్చేది ఒలింపిక్ పద్ధతి. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోప్‌కు అనుమతే లేదు. చిన్న రంధ్రం గుండా చూసే సైట్లతోనే గురి చూడాలి. అందువల్ల స్కోప్ రైల్ చర్చ తెలుగు షూటర్లకు ఎక్కువగా ఎదురయ్యేది అమెరికా, ఆస్ట్రేలియా వంటి చోట్ల స్థిరపడి అక్కడి క్లబ్బుల్లో చేరినప్పుడే.

వాలు లెక్క

ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక ఎంఓఏ. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు, 1,000 గజాల దగ్గర దాదాపు 26.6 సెంటీమీటర్లు. మరో కొలమానం మిల్. 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు ఒక మిల్. ఒక మిల్ అంటే 3.438 ఎంఓఏ. పైన చెప్పిన .308 తూటాకు 100 గజాల జీరో నుంచి 1,000 గజాలకు వెళ్లాలంటే 38 ఎంఓఏ ప్రాంతంలో సవరణ కావాలి. 2,700 అడుగుల వేగంతో వెళ్లే 140 గ్రెయిన్ల 6.5 క్రీడ్‌మూర్ తూటాకు అదే దూరానికి 30 ఎంఓఏ చుట్టూ సరిపోతుంది. గాలి సాంద్రతను బట్టి, తూటా ఆకారాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి.

ఇప్పుడు స్కోప్ వైపు చూద్దాం. తయారీదారు ‘ఎత్తు సవరణ మొత్తం 50 ఎంఓఏ’ అని రాస్తే అది అడుగు నుంచి పై అంచు దాకా ఉన్న పూర్తి ప్రయాణం. మధ్య నుంచి పైకి ఉండేది అందులో సగం, అంటే 25 మాత్రమే. ఆ 25 కూడా మొత్తం చేతికి రాదు. స్కోప్ బ్యారెల్ కన్నా ఒకటిన్నర, రెండు అంగుళాల ఎత్తున ఉంటుంది. తూటా 100 గజాల లోపే రెండున్నర అంగుళాలకు పైగా దిగుతుంది. ఈ రెండింటినీ కలిపి 100 గజాలకు జీరో చేయడానికే దాదాపు 4 ఎంఓఏ ఖర్చవుతుంది. అంటే వాలు లేని రైల్ మీద ఆ స్కోప్‌కు పైకి మిగిలేది 21. అవసరం 38. వెయ్యి గజాలు ఆ అమరికకు అందవు.

అదే స్కోప్‌ను 20 ఎంఓఏ వాలు ఉన్న రైల్ మీద పెడితే లెక్క పూర్తిగా మారుతుంది. రైల్ వెనుక భాగం ముందు భాగం కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి స్కోప్ బ్యారెల్‌తో పోలిస్తే కిందికి చూస్తుంది. జీరో చేసేటప్పుడు టరెట్‌ను కింది వైపు తిప్పాలి, ఫలితంగా పైకి వెళ్లడానికి చోటు పెరుగుతుంది. 25 నుంచి 4 తీసి 20 కలిపితే 41. వెయ్యి గజాలకు కావలసిన 38 అందులో ఇమిడిపోతుంది. కింది వైపు 25కు 4 కలిపి 20 తీస్తే 9 మిగులుతుంది. జీరో చేసుకోవడానికి అది సరిపడా మిగులు.

వాలు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న ఊహ ఇక్కడే తప్పుతుంది. అదే స్కోప్‌కు 40 ఎంఓఏ రైల్ వేస్తే కింది వైపు లెక్క 25 కూడిక 4 తీసివేత 40, అంటే సున్నాకు 11 తక్కువ. టరెట్‌ను అడుగుదాకా తిప్పినా 100 గజాల దగ్గర తూటా గురిచూసిన చోటికి దాదాపు 29 సెంటీమీటర్ల పైన తగులుతుంది. ఆ రైఫిల్‌కు దొరికే అతి దగ్గరి జీరో 450 గజాలకు పైనే ఉంటుంది. దూరపు పోటీలకే వాడేవారు సర్దుకోవచ్చేమో గానీ, క్లబ్బులో 100 గజాల లైన్ మీద లోడ్ (మందు, తూటాల కూర్పు) పరీక్షించుకోవాలనుకునేవారికి ఆ అమరిక పనికిరాదు.

కాబట్టి రైల్ కొనే ముందు వేసుకోవలసిన లెక్క చిన్నదే. స్కోప్ మొత్తం ప్రయాణంలో సగం తీసుకుని, అందులో నాలుగైదు ఎంఓఏ భద్రతగా వదిలేస్తే మిగిలినది ఆ స్కోప్ భరించగల గరిష్ఠ వాలు. ఆ భద్రత ఎందుకంటే, రిసీవర్ మీద రంధ్రాలు, రైల్ అడుగు, స్కోప్ గొట్టాన్ని పట్టి ఉంచే రింగులు అన్నీ కలిసి ఒకటి రెండు ఎంఓఏ అటూ ఇటూ తేడా తేవడం మామూలే.

ఇప్పటి మేలురకం స్కోపుల విషయం వేరు. నైట్‌ఫోర్స్ అటాకర్ 5-25×56 (5 నుంచి 25 రెట్లు పెద్దదిగా చూపే, 56 మిల్లీమీటర్ల ముందు లెన్సు ఉన్న రకం), ల్యూపోల్డ్ మార్క్ 5హెచ్‌డి 5-25×56 స్కోపుల్లో ఎత్తు సవరణ 120 ఎంఓఏ. వోర్టెక్స్ రేజర్ హెచ్‌డి రెండో తరం 4.5-27×56లో 113.5 ఎంఓఏ. 120 ఎంఓఏ స్కోప్‌ను వాలు లేని రైల్ మీద పెట్టినా పైకి 56 ఎంఓఏ దొరుకుతుంది. .308తో వెయ్యి గజాలకు అది చాలినంత, పైన ఇంకా మిగులు కూడా. మరి అలాంటి స్కోప్‌కు వాలు రైల్ ఎందుకు?

లెన్సుల నడిమి చోటు

స్కోప్ గొట్టం లోపల ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. తలకిందులుగా వచ్చే బొమ్మను తిరగేసే లెన్సులు అందులోనే ఉంటాయి. టరెట్ తిప్పినప్పుడు కదిలేది అదే. ఎత్తు టరెట్ దాన్ని కిందికీ పైకీ, గాలి టరెట్ పక్కలకూ నెడతాయి. బయటి గొట్టం గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి గొట్టం కదలగల ఆవరణ కూడా దాదాపు వృత్తమే. వృత్తం నడుమ ఉన్నప్పుడు పక్కలకు పూర్తి చోటు ఉంటుంది. పై అంచుకు గానీ కింది అంచుకు గానీ చేరినకొద్దీ పక్క చోటు కుంచించుకుపోతుంది.

ఇది కాగితం మీది సిద్ధాంతంగా మిగిలిపోయే విషయం కాదు. ఇందాకటి 50 ఎంఓఏ స్కోప్‌నే తీసుకుంటే, 20 ఎంఓఏ రైల్ మీద వెయ్యి గజాలకు తిప్పినప్పుడు లోపలి గొట్టం నడిమి నుంచి 22 ఎంఓఏ దూరం జరుగుతుంది. వృత్తపు వ్యాసార్ధం 25 అనుకుంటే పక్కకు మిగిలే చోటు దాదాపు 12 ఎంఓఏ. గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఆ .308 తూటాను వెయ్యి గజాల దగ్గర 9, 10 ఎంఓఏ పక్కకు తోస్తుంది. గాలి కాస్త బలపడితే టరెట్ తిరగడం ఆగిపోతుంది. ఎత్తు సరిపోయిందని సంబరపడిన షూటర్‌కు గాలి సవరణ లేకుండా పోతుంది. దూరపు షూటింగ్‌లో ఈ చిక్కు గురించి మాట్లాడేవారు తక్కువ, దీనికి చిక్కుకునేవారు ఎక్కువ.

పైగా లెన్సుల పనితనం నడిమి భాగంలో ఉత్తమంగా ఉంటుంది. అంచుల దగ్గర బొమ్మ పదును తగ్గడం, రంగుల అంచులు కనిపించడం చౌక స్కోపుల్లో స్పష్టంగా, ఖరీదైనవాటిలో కొద్దిగా కనిపిస్తాయి. అందుకే వాలును ఎంచుకోవలసిన తీరు ‘గరిష్ఠ దూరం అందుతుందా’ అన్న ప్రశ్నతో ఆగకూడదు. ఎక్కువ గుళ్లు ఏ దూరంలో పేలుస్తామో ఆ దూరంలో లోపలి గొట్టం నడిమికి దగ్గరగా ఉండాలి.

ఆ దూరానికి కావలసిన సవరణకు జీరో ఖర్చు 4 కలిపితే సరైన వాలు వస్తుంది. .308కు 600 గజాలకు కావలసింది 16 ఎంఓఏ చుట్టూ. 16కు 4 కలిపితే 20. అంటే 20 ఎంఓఏ రైల్ మీద ఉన్న .308కు 600 గజాల దగ్గర స్కోప్ సరిగ్గా తన నడిమి చోటులో ఉంటుంది. 300 నుంచి 1,000 గజాల మధ్య షూటింగ్ చేసేవారికి 20 అన్న అంకె ఎందుకంత బాగా నప్పుతుందో ఈ లెక్క చెబుతుంది. ఎప్పుడూ వెయ్యి గజాల లైన్ మీదే పడుకునే ఎఫ్-క్లాస్ (రైఫిల్‌ను ఆసరా మీద పెట్టి, స్కోప్‌తో కాల్చే దూరపు పోటీ) షూటర్‌కు అదే సూత్రం 40 వైపు చూపిస్తుంది. స్కోప్ 120 ఎంఓఏది అయితే 40 రైల్ మీద కూడా కింది వైపు 24 మిగులుతుంది కాబట్టి 100 గజాల జీరోకు ఇబ్బంది లేదు.

.22 ఎల్‌ఆర్ రైఫిల్ విషయంలో చాలామంది అంచనా తప్పుతారు. చిన్న తూటా, తక్కువ దూరం కాబట్టి వాలు అక్కరలేదనుకుంటారు. నిజానికి దానికే ఎక్కువ కావాలి. సెకనుకు 1,070 అడుగుల వేగంతో వెళ్లే 40 గ్రెయిన్ల తూటాకు 50 గజాల జీరో చేయడానికే 11 ఎంఓఏ దాకా ఖర్చవుతుంది. అక్కడి నుంచి 200 గజాలకు 24 చుట్టూ, 300 గజాలకు 44 చుట్టూ కావాలి. కాబట్టి 200 గజాలు దాటే .22 పోటీలకు 30 లేదా 40 ఎంఓఏ రైల్ అతి అనిపించుకోదు. 100 గజాలలోపే ఆగేవారికి మాత్రం వాలు లేని రైల్ చాలు.

రెండు మైళ్ల దాకా వెళ్లే పోటీల్లో ఏ రైల్ ఒంటరిగా సరిపోదు. వాలును మార్చుకోగల మౌంట్లు (స్కోప్‌ను రైల్‌కు బిగించే పట్లు), స్కోప్ ముందు అమర్చి బొమ్మను నిర్దిష్ట కోణంలో వంచే పట్టకాలు వాడతారు. జర్మనీకి చెందిన ఎరా-టాక్ మౌంట్లలో కొన్ని సున్నా నుంచి 70 ఎంఓఏ దాకా మార్చుకునే వీలిస్తాయి. స్వీడన్‌కు చెందిన స్పూర్ ఒకే ముక్క మౌంట్లలో 6 మిల్ వాలు, అంటే 20.6 ఎంఓఏ, తయారీలోనే ఉండే రకాలున్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. రైల్ వాలు, మౌంట్ వాలు కలిసిపోతాయి. 20 ఎంఓఏ రైల్ మీద 6 మిల్ మౌంట్ పెడితే స్కోప్‌కు అందేది 40కి పైగా. రెండూ విడివిడిగా కొని, జీరో దొరకక స్కోప్ పాడైందని వెనక్కి పంపే సందర్భాలకు ఇదే ప్రధాన కారణం.

మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు

150 మిల్లీమీటర్ల పొడవున్న రైల్‌లో 20 ఎంఓఏ వాలు అంటే వెనుక కొన ముందు కొన కన్నా 0.87 మిల్లీమీటర్లు ఎత్తు. ఒక్క ఎంఓఏ అంటే 0.044 మిల్లీమీటర్లు, తల వెంట్రుక మందం కన్నా తక్కువ. రిసీవర్ వెనుక భాగాన పెయింటు దళసరిగా ఉన్నా, రంధ్రం అంచున చిన్న ముక్కు పొడుచుకు వచ్చినా వాలు అంకె మారిపోతుంది. పక్కకు కూడా అంతే. రంధ్రాల వరుస బ్యారెల్ మధ్య రేఖకు 0.1 మిల్లీమీటరు వంకరగా ఉంటే రెండు ఎంఓఏకు పైగా గాలి సవరణ జీరోలోనే ఖర్చయిపోతుంది.

అంతకన్నా పెద్ద సమస్య బిగింపులో పుట్టే ఒత్తిడి. చాలా బోల్ట్-యాక్షన్ రైఫిళ్లలో (బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కీ ముందుకీ కదిపి తూటా ఎక్కించేవి) రిసీవర్ ముందు వలయం, వెనుక వంతెన వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. రెమింగ్టన్ 700లో వెనుక భాగం తక్కువ ఎత్తు. రైల్ అడుగు ఆ తేడాకు తగినట్టు కోసి ఉండాలి. కొలత కొంచెం తప్పితే నాలుగు స్క్రూలూ బిగించినప్పుడు రైలే వంగుతుంది. వంగిన రైల్ మీద రింగులు ఒకే రేఖలో ఉండవు. అవి స్కోప్ గొట్టాన్ని కూడా వంచుతాయి. అప్పుడు క్లిక్కులు లెక్కకు కుదరవు, జీరో రోజుకో చోట ఉంటుంది. నింద మాత్రం స్కోప్ మీద పడుతుంది.

దీన్ని పరీక్షించడం కష్టం కాదు. రైల్‌ను రిసీవర్ మీద పెట్టి ముందు స్క్రూలు మాత్రమే బిగించాలి. వెనుక భాగం కింద సందు ఉందేమో ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చని లోహపు పలకలు) చూడాలి. 0.05 మిల్లీమీటర్ల పలక లోపలికి దూరితే ఆ సందు ఒక ఎంఓఏకు పైమాటే. తరువాత ముందు స్క్రూలు విప్పి వెనుకవి బిగించి అదే పరీక్ష ముందు వైపు చేయాలి. రెండు వైపులా పలక దూరకపోతే రైల్ సరిగ్గా కూర్చున్నట్టే.

సందు ఉంటే రైల్‌ను పారేయనక్కరలేదు. ఉక్కుపొడి కలిసిన ఎపాక్సీతో పరుపు వేయడం ఎప్పటి నుంచో తుపాకుల మెకానిక్కులు చేస్తున్న పని. రిసీవర్ మీద అంటుకోకుండా మైనం పూసి, రైల్ అడుగున ఎపాక్సీ పెట్టి, బాగా ఆనుతున్న వైపు స్క్రూలు మాత్రమే బిగించి, రెండో వైపు వదులుగా వదిలేస్తారు. ఎపాక్సీ గట్టిపడ్డాక అది సందును నింపుతుంది, రైల్ వంగదు. స్క్రూ రంధ్రాల్లోకి ఎపాక్సీ దిగకుండా చూసుకోవడం ముఖ్యం. ఈ పని చేతకానివారు అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇవ్వడమే మేలు. కొత్త స్కోప్‌కు పెట్టే డబ్బుతో పోలిస్తే ఈ పనికయ్యే ఖర్చు చిన్నది, దక్కే ఫలితం పెద్దది.

కొన్ని రైఫిళ్లలో ఈ గొడవ అసలు ఉండదు. రైల్‌ను రిసీవర్‌తో పాటే ఒకే ఉక్కు దిమ్మె నుంచి చెక్కిన యాక్షన్లు (రిసీవర్, బోల్ట్ కలిసిన భాగం) ఇప్పుడు పోటీ రైఫిళ్లలో బాగా వస్తున్నాయి. సందు లేదు, స్క్రూ లేదు, వదులయ్యేది లేదు. దూరపు షూటింగ్ కోసమే రైఫిల్ కట్టించుకునేవారికి ఇంతకన్నా మంచి దారి లేదు. వాలును తరువాత మార్చలేమన్నది ఒక్కటే లోటు, దాన్ని మౌంట్‌తో సరిచేసుకోవచ్చు. ఫిన్లండ్‌లో తయారయ్యే టికా టి3ఎక్స్ రిసీవర్ మీద 17 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి చెక్కే వస్తుంది, స్క్రూ రంధ్రాలు కూడా ఉంటాయి. రింగులను నేరుగా ఆ గాడికే బిగించవచ్చు, కానీ వాలు కావాలంటే దాని మీద రైల్ వేయక తప్పదు.

స్క్రూల దగ్గర పిసినారితనం కూడదు. పేలుడు క్షణంలో ఆరు కిలోల రైఫిల్ రెండు మిల్లీసెకన్లలోపే సెకనుకు దాదాపు రెండు మీటర్ల వేగం అందుకుంటుంది. ఇది గురుత్వ త్వరణానికి వంద రెట్లు. స్కోప్, రింగులు కలిపి 1.3 కిలోలు అనుకుంటే రైల్‌ను పట్టి ఉంచే స్క్రూల మీద 130 కిలోల బరువుకు సమానమైన కోత బలం పడుతుంది, అదీ ప్రతి గుండుకూ. పాత రైఫిళ్లలో ఎక్కువగా కనిపించే 6-48 స్క్రూ వ్యాసం 3.5 మిల్లీమీటర్లు. 8-40 స్క్రూది 4.2 మిల్లీమీటర్లు. అడ్డుకోత వైశాల్యంలో పెద్దది 40 శాతం ఎక్కువ. బరువైన స్కోప్, బలంగా తన్నే క్యాలిబర్ ఉంటే రంధ్రాలను 8-40కి పెంచుకోవడం మంచిది. రిసీవర్‌లోకి దిగే పిన్నులు గానీ, రిసీవర్ అంచుకు ఆనే మెట్టు గానీ ఉన్న రైల్ అయితే ఆ బలాన్ని స్క్రూల బదులు అవే మోస్తాయి. వాలు ఒకేలా ఉన్న రెండు రకాల రైల్ మధ్య ఎంచుకోవలసి వస్తే ఇలాంటి ఆనిక ఉన్నదాన్నే తీసుకోవాలి.

బిగించే బలం తయారీదారు చెప్పిన అంకె ప్రకారమే ఉండాలి. 6-48 స్క్రూలకు సాధారణంగా 15 నుంచి 20 అంగుళం-పౌండ్లు, 8-40కి అంతకు కొంచెం పైన చెబుతారు. 20 అంగుళం-పౌండ్లంటే 2.26 న్యూటన్ మీటర్లే. చేతి అంచనాతో బిగించేవారు చాలాసార్లు దానికి రెట్టింపు బిగించి మర చెడగొడతారు. చిన్న టార్క్ రెంచ్ కొనుక్కోవడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా లాభసాటి ఖర్చు. మరల మీది నూనెను పూర్తిగా తుడిచి, తరువాత విప్పుకోగల నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయాలి. ముందు వరుస స్క్రూ రిసీవర్ రంధ్రంలోంచి కిందికి పొడుచుకొచ్చి బోల్ట్ తాళానికి తగులుతుందేమో చూడాలి. బోల్ట్ బిర్రుగా కదిలితే తప్పు అక్కడే.

గాళ్లు, లోహం

రైల్ పైభాగంలోని గాళ్ల విషయంలో ఎంపిక ఇప్పుడు తేలికే. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో వ్యాపారం నడిపిన వీవర్ పేరుతో వచ్చిన పాత పద్ధతిలో గాడి వెడల్పు 0.180 అంగుళాలు, గాళ్ల మధ్య దూరం ఒక్కో రైల్‌కు ఒక్కో రకంగా ఉండేది. అమెరికా సైన్యం 1995 ఫిబ్రవరి 3న మిల్-ఎస్‌టిడి-1913 ప్రమాణాన్ని ఖరారు చేసింది. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధశాల పేరుతోనే అందరూ దాన్ని పిలుస్తారు. అందులో గాడి వెడల్పు 0.206 అంగుళాలు, ఒక గాడి నడుమ నుంచి మరో గాడి నడుమకు 10.01 మిల్లీమీటర్లు. వీవర్ రింగులు పికటిన్నీ రైల్ మీద సాధారణంగా కూర్చుంటాయి, పికటిన్నీ రింగులు వీవర్ గాళ్లలో పట్టవు. 2009లో నాటో ఆమోదించిన 4694 ప్రమాణం కొలతలను దాదాపు అలాగే ఉంచి, పట్టు మాత్రం రైల్ పై ముఖాన్ని ఆధారం చేసుకునేలా మార్చింది. విప్పి మళ్లీ బిగించినప్పుడు అదే చోట కూర్చోవడానికి అది తోడ్పడుతుంది. దూరపు షూటింగ్‌కు పికటిన్నీ లేదా నాటో కొలత తప్ప మరొకటి చూడనక్కరలేదు.

రింగులు బిగించేటప్పుడు వాటి అడ్డ బోల్టును గాడిలో ముందు గోడకు ఆనించి బిగించాలి. రైఫిల్ వెనక్కి తన్నుతుంది, స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అంటే రైల్‌తో పోలిస్తే ముందుకు జారాలని చూస్తుంది. ముందే గోడకు ఆనుకుని ఉంటే జారడానికి చోటుండదు.

ఉక్కా, అల్యూమినియమా అన్న చర్చ ఎడతెగకుండా సాగుతుంది. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు. కానీ వేడికి అది ఉక్కు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. 150 మిల్లీమీటర్ల రైల్, ఉక్కు రిసీవర్ కలిసి 30 డిగ్రీల వేడి పెరిగితే రెండింటి సాగుదల మధ్య తేడా 0.05 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అరిజోనా ఎండలో పొద్దున జీరో చేసి మధ్యాహ్నం పోటీకి దిగేవారికి ఆ తేడా అసాధారణమేమీ కాదు. ఈ సాగుదల రైల్ పొడవునా ఉంటుంది కాబట్టి నేరుగా వాలును మార్చదు. స్క్రూలు వదులుగా ఉన్నచోట మాత్రం రైల్ కొద్దికొద్దిగా జరగడానికి దారి ఇస్తుంది. గట్టిగా కూర్చున్న 7075 రకం అల్యూమినియం రైల్ .308 స్థాయి క్యాలిబర్లకు నిశ్చింతగా సరిపోతుంది. .338 లాపువా వంటి వాటికి, బరువైన స్కోప్ సరంజామా మోసే రైఫిళ్లకు ఉక్కే సరైనది. బరువు పరిమితి ఉన్న పోటీల్లో మాత్రం గ్రాములు లెక్కించాలి. ఎఫ్-క్లాస్‌లో స్కోప్‌తో కలిపి ఓపెన్ విభాగం రైఫిల్ 10 కిలోలు, ఎఫ్-టిఆర్ విభాగం రైఫిల్ 8.25 కిలోలు దాటకూడదు. ఎఫ్-టిఆర్‌లో బైపాడ్ (ముందు రెండు కాళ్ల ఆసరా) బరువూ అందులోకే వస్తుంది. అక్కడ బరువైన బ్యారెల్ కోసం అల్యూమినియం రైల్ వైపు మొగ్గడం న్యాయమే.

ఒకే ముక్క రైల్ మంచిదా, ముందు వెనుక విడి ముక్కలు మంచివా అంటే దూరపు షూటింగ్‌కు ఒకే ముక్క. విడి ముక్కల్లో వాలు, వరుస రెండూ రంధ్రాల దయ మీద ఆధారపడతాయి. పైనుంచి తూటాలు నింపే మ్యాగజీన్ ఉన్న వేట రైఫిళ్లలో ఒకే ముక్క రైల్ చేతికి అడ్డొస్తుంది, అది నిజం. కానీ ఆ ఇబ్బంది కోసం దూరపు కచ్చితత్వాన్ని వదులుకోవడం తగదు.

వాలు పెరిగినకొద్దీ స్కోప్ ముందున్న వెడల్పాటి భాగం బ్యారెల్‌కు దగ్గరవుతుంది. 20 ఎంఓఏకు అది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే, అయినా 56 మిల్లీమీటర్ల ముందు లెన్సు, మందపాటి పోటీ బ్యారెల్ ఉన్నప్పుడు ఆ మిల్లీమీటరే రింగుల ఎత్తును నిర్ణయించవచ్చు. బ్యారెల్ వేడెక్కినా తగలనంత సందు ఉండాలి.

బిగించాక చేయవలసినది

రైల్ వాలును స్కోప్ పక్కకు ఒరగడంతో కలిపి గందరగోళపడేవారు ఉన్నారు. రైల్ వాలు ముందు వెనుకలది, కోరి పెట్టుకునేది. పక్కకు ఒరగడం తప్పు, దాన్ని పూర్తిగా తొలగించాలి. వెయ్యి గజాలకు 38 ఎంఓఏ తిప్పినప్పుడు స్కోప్ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగి ఉంటే తూటా 17, 18 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. అమెరికా ఎఫ్-క్లాస్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం ఒక ఎంఓఏ, అంటే నడుమ నుంచి అంచుకు 13 సెంటీమీటర్లు. ఆ ఒక్క డిగ్రీయే గుండును పది వలయం దాటించేస్తుంది. రైల్ పైభాగం చదునుగా ఉంటుంది కాబట్టి నీటిమట్టం గొట్టం పెట్టి చూడటానికి అది అనువైన చోటు. అయితే స్కోప్ లోపలి గీతలు రైల్‌తో కలిశాయా అన్నదాని కన్నా వేలాడదీసిన తాడుతో కలిశాయా అన్నదే అంతిమ పరీక్ష.

జీరో అయ్యాక టరెట్‌ను అడుగుదాకా, పై అంచుదాకా తిప్పి క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోవాలి. కింది మిగులు 9 ఉండాల్సిన చోట 3 వస్తే రైల్ గానీ రింగులు గానీ అనుకున్న కోణంలో కూర్చోలేదని అర్థం. ఆ తరువాత 100 గజాల దగ్గర ఎత్తైన కాగితం కట్టి, కింది చుక్కకు గురిపెట్టి 20 ఎంఓఏ తిప్పి కాల్చాలి. గుళ్లు 20.94 అంగుళాల పైన, నిలువు గీత మీదే పడాలి. ఎత్తు తప్పితే స్కోప్ క్లిక్కుల తేడా, పక్కకు పోతే ఒరుగుదల. ఈ రెండు పరీక్షలూ ఒక పూటలో అయిపోతాయి.

ప్రతి స్క్రూ తల నుంచి రైల్ మీదికి సన్నని రంగు గీత గీసి ఉంచితే వదులైనది చూపుకే తెలిసిపోతుంది. మొదటి యాభై గుళ్ల తరువాత ఒకసారి, ఆపై ప్రతి పోటీకి ముందు ఒకసారి ఆ గీతలు చూసుకోవాలి. గుళ్లు అకారణంగా చెదరడం మొదలైతే వెతకవలసిన క్రమం కింది నుంచి పైకి: ముందు రైల్ స్క్రూలు, తరువాత రింగుల అడ్డ బోల్టులు, ఆ తరువాత రింగుల మూతలు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే స్కోప్‌ను అనుమానించాలి.